శస్త్రకర్మల పేర్లు – లక్షణము, సంబంధము

పేరు వేఱు, లక్షణము వేఱు. పేరు వస్తువును గుర్తింపజేయును. లక్షణము దానిని తక్కినవానినుండి వేఱుపఱచును. వైద్యకర్మలకు తెలుగున పరిభాష కూర్చినవారు పేరునకు పడిన శ్రమ లక్షణమునకు పడలేదని మా అభిప్రాయము. ఆసుపత్రి దాఖలాలకు ప్రమాణములుగా ఏర్పడిన అంతర్జాతీయ పదావళుల నిర్మాణమును పరిశీలించి, ఈ అభిప్రాయమును సమర్థింప యత్నింతుము.

సంగారెడ్డి జిల్లాలోని కాజీపల్లి ఔషధ రసాయన కర్మాగారముల తావు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1953 నుండి ప్రకటించుచున్న అంతర్జాతీయ నామముల మూలమున, అట్టిచోట తయారగు మందునకు దేశదేశములందును ఒకే పేరు చెల్లుచున్నది. మందునకు కుదిరిన ఈ కట్టుబాటు, దేహముపై జరుగు కర్మకు మన భాషలో కుదరలేదు. కాజీపల్లి మొదలగు పల్లెలలో వినవచ్చు తెలంగాణపు వాడుకను చూడుడు: ‘గర్భసంచి తీసిండ్రు’, ‘రాయి తీసిండ్రు’, ‘నీళ్లు తీసిండ్రు’, ‘లూపు తీసిండ్రు’. తీయబడినది మొదట అవయవము, రెండవచోట లోపల ఏర్పడిన ఘనపదార్థము, మూడవచోట ద్రవము, నాల్గవచోట వైద్యుడే పెట్టిన సాధనము. క్రియ మాత్రము ఒక్కటే. వాడుకలో ఇది దోషము కాదు. కర్మపదమే అర్థమును నిర్ణయించును. కాని పరిభాషలో ‘తొలగింపు’ అన్న ఒకే మాటతో సరిపెట్టినచో అతివ్యాప్తి దోషము తప్పదు.

అమెరికాలో 2015 అక్టోబరు 1 నుండి ఆసుపత్రిలో చేరిన రోగుల కర్మలకు వాడుచున్న ఐ.సి.డి.-10-పి.సి.ఎస్. ఈ దోషమును తప్పించుకొన్నది. ప్రతి సంకేతమునకును ఏడు స్థానములు. వానిలో మూడవది మూలకర్మ. అవయవములో కొంత కోసితీయుట ఒక మూలకర్మ, మొత్తము తీయుట మఱియొకటి. ఘనపదార్థము, ద్రవము, సాధనము అను మూటికిని మూడు వేఱు మూలకర్మలు. మన ‘తీయుట’ ఇచ్చట ఐదైనది.

ఈ విభాగబుద్ధి మనకు క్రొత్త కాదు. సుశ్రుతసంహిత ఛేద్యము, భేద్యము, లేఖ్యము, వేధ్యము, ఏష్యము, ఆహార్యము, విస్రావ్యము, సీవ్యము అని శస్త్రకర్మలను ఎనిమిదిగా విభజించినది. మూత్రాశయపు రాయి, దేహమున గ్రుచ్చుకొన్న శల్యము రెండును ఆహార్యములు, పి.సి.ఎస్. కూడ వానిని ఒకే మూలకర్మలో చేర్చుట గమనింపదగినది. కాని పోలిక అంతటితో ఆగును. జలోదరమున నీరు తీయుటను సుశ్రుతుడు విస్రావ్యమున గాక వేధ్యమున చేర్చెను. ఆయనకు అచ్చట ప్రధానము చేతిపని, అనగా పొడుచుట. నవీనులకు ప్రయోజనము, అనగా ద్రవము వెడలుట. కావున సుశ్రుతుని పదములను నవీనకర్మలకు యథాతథముగా పర్యాయములు చేయరాదు.

భారతదేశము 2014లో స్నోమెడ్ సి.టి. సంస్థయందు సభ్యత్వము పొందినది; 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రకటించిన ఎలక్ట్రానిక్ ఆరోగ్యదాఖలాల ప్రమాణములలో ఆ పదావళి చేర్చబడినది. ఇందు కర్మకు లక్షణము సంబంధములచేతనే ఏర్పడును: ఏ పద్ధతి, ఏ స్థానము, ఏ మార్గము, ఏ సాధనము. గర్భసంచి తీసివేతకు పద్ధతి ఛేదనము, స్థానము గర్భాశయము. దానినే ఉదరదర్శినితో చేసినచో, ఆ కర్మ ఒకవైపు గర్భాశయచ్ఛేదనములలోను, మఱొకవైపు ఉదరదర్శినీకర్మలలోను చేరును. బిడ్డకు తల్లివైపు చుట్టఱికము, తండ్రివైపు చుట్టఱికము ఉన్నట్లే ఒక కర్మకు ఇరువైపుల జాతి కలదు. ఒకే వరుసలో పదములను పేర్చు నిఘంటువునకు ఈ శక్తి లేదు.

ఐనను ఈ లక్షణమునందు ఒక కొఱత కలదు. కర్మ జరిగినదా, తలపెట్టబడినదా, నిరాకరింపబడినదా అనునది స్నోమెడ్‌లో వేఱొక శాఖయందు చెప్పబడును. ఎవరి ఇచ్ఛచే జరిగినదో, దాని ఫలమేమో కర్మలక్షణమున చేరదు. తెలుగు క్రియ మొదటిదానిని సహజముగా చెప్పగలదు. ‘గర్భసంచి తీసిండ్రు’ అన్నచో చేసినవారే కర్తలు. ‘తీయించుకున్నది’ అన్నచో రోగియే ప్రేరణకర్త్రి. ఒక ప్రత్యయము సమ్మతిని సూచించుచున్నది. ఇది వ్యాకరణ వినోదము కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయబడినవారు దేశమున నూటికి 3.2 కాగా, తెలంగాణమున 7.7, ఆంధ్రప్రదేశమున 8.9. వీరిలో ఎందఱికి తమ దేహమున ఏది, ఎంత తీయబడినదో తెలియజెప్పబడినది? ‘ఆపరేషన్’ అన్న ఒక్క మాట క్రింద వేలిముద్ర వేయించినచో, అది తెలిసి ఇచ్చిన సమ్మతి కాజాలదు.

పదావళి వైద్యుని దాఖలాకే గాని రోగికి గాదని ఆక్షేపింపవచ్చును. కాని దాఖలాలోని పేరే సమ్మతిపత్రమునకు, బీమా కాగితమునకు దిగివచ్చును. ‘గర్భాశయచ్ఛేదనము’ అని సంస్కృతీకరించిన మాత్రమున రోగికి మేలు లేదు. ‘గర్భసంచిని మొత్తము కోసి తీసివేయుట, ఇక ముట్టు రాదు, బిడ్డలు కలుగరు’ అనునది తెలుగు లక్షణము.

1962లో వ్యవసాయపదములతో వెలువడిన మాండలిక వృత్తిపదకోశము పనిచేయువారి నోటినుండియే పదములను సేకరించి మార్గము చూపినది. వైద్యకర్మలకును అట్టి సేకరణ జరుగవలెను. ఒడిశా, బీహారులనుండి వచ్చిన కూలీలతో తెలుగువారు కలిసి బ్రతుకు కాజీపల్లి–పటాన్‌చెరు ప్రాంతము అందుకు తగిన క్షేత్రము. ప్రతి పదమునకును క్రియ, స్థానము, పరిమాణము, మార్గము, ఫలము అను ఐదింటిని పరిశోధక విద్యార్థులు నమోదు చేయవలెను. పేరు ఆ తరువాతి పని.