నీరు పోసి నడుపు బండి

గత వారము హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రము సమీపమున, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, ఒక కారు బానెట్టు క్రిందనుండి ఆవిరి చిమ్ముచు రోడ్డు వారగా నిలిచియుండగా, దాని యజమాని చేత గుడ్డ పట్టుకొని రేడియేటరు మూత త్రిప్పబోవుట చూచి నా గుండె గుభేలుమన్నది. ప్రక్కనున్న ఆటో డ్రైవరు అతని చేయి పట్టి వెనుకకు లాగెను. అతడు మాత్రము నిబ్బరముగా, "ఏం కాదన్నా, రోజు పొద్దుగాల లీటరు నీళ్లు పోస్తున్న, నడుస్తనే ఉంది" అనెను. ఆ మాటయే నన్ను వారమంతయు వేధించినది.

ఉదయమున బండి తీయుటకు ముందు బానెట్టు లేపి చూచుకొనవలెనని ఈ శీర్షికలో పలుమారు వ్రాసితిని. వ్రాసినప్పుడెల్ల నా కన్నుల ముందు మెదలునది తిరుమల ఘాటే. 1974లో రెండవ ఘాటు రోడ్డు వచ్చుటకు పూర్వము, ఎక్కువారికిని దిగువారికిని 1944 నాటి ఆ ఒక్క త్రోవయే గతియైన దినములలో, మమ్ము కొండకు తీసికొనిపోయిన అంబాసిడరు డ్రైవరు, వేడి చూపు ముల్లు కంటె ముందుగా వాసనను బట్టియే ఇంజను వేడిని పసిగట్టి, బండి ఆపి, టైరు క్రింద రాయి పెట్టి, బీడీ కాల్చుచు ఓపికగా కూర్చుండి, వేడి చల్లారిన పిమ్మట మూతను సగము త్రిప్పి, మిగిలిన ఆవిరిని బుస్సున పోనిచ్చి, డబ్బాలోని నీటిని సన్నని ధారగా పోసెడివాడు. ఆ ఓర్పు, ఆ మెలకువ ఇప్పటివారికి లేవని చింతించుటకే కలము పట్టితిని.

కాని ఆలోచింపగా, నీరు పోసి నడపవచ్చునను ధైర్యము మనకు అబ్బినది ఆ అంబాసిడరు నుండియే. దాని ఇంజను దిమ్మయు హెడ్డును పోత ఇనుమువి. కాగినను చాలవరకు ఓర్చుకొనెడివి. నేటి కార్ల హెడ్డు అల్యూమినియము. మితిమీరి కాగినచో అది వంగును, హెడ్ గాస్కెట్ పోవును, నీరు కలిసిన ఇంజనాయిలు పాలు పోసిన టీ రంగుకు తిరుగును. అప్పటికిని ఆపనిచో ఇంజను పట్టివేయును. మూత బిగించియున్నంతసేపు ఒత్తిడి వలన లోపలి ద్రవము నూరు డిగ్రీలు దాటినను మరుగదు. మూత తీసిన క్షణముననే భగ్గున మరిగి మొగము మీదికి చిమ్మును. దినదినము బోరునీరు పోసినచో కూలెంటు పలుచబడి లోన తుప్పు పుట్టును, రేడియేటరు గొట్టములలో సున్నము పేరుకొనును.

అన్నిటికంటె మోసకారి ఆ ముల్లే. సెన్సరు చెప్పునది తన్ను తాకిన నీటి వేడిని మాత్రమే. నీరంతయు కారిపోయినచో, ఇంజను మాడుచుండగనే ముల్లు క్రిందికి దిగవచ్చును, నడుపువాడు గండము గడచినదని ఊపిరి పీల్చుకొనును.

ఆర్టీసీ క్రాస్ రోడ్డు వద్ద బండ్లు ప్రాకుచున్నప్పుడు ఎదురుగాలి ఉండదు. రేడియేటరును చల్లార్చు భారమంతయు ఫ్యాను మీదనే. 2023లో ఇందిరా పార్కు నుండి వీఎస్టీ వరకు ఉక్కు వంతెన వచ్చి ఆ బాధ కొంత తగ్గినది గాని, వంతెన నడుమ ఇంజను పట్టివేసినచో వెనుక వచ్చువారికందరికిని ప్రమాదమే.

ముల్లు ఎర్రగీత చేరినచో ఏసీ కట్టివేసి, వెంటనే రోడ్డు వారకు తీసి, ఇంజను ఆపుడు. పూర్తిగా చల్లారువరకు మూత ముట్టకుడు. రోజూ లీటరు నీరు త్రాగు బండి గొట్టములోనో, వాటరు పంపులోనో, గాస్కెట్ వద్దనో తప్పక కారుచున్నది. అది ఎక్కడనో తేలువరకు దానిని మీరు నడుపక, వేరు బండికి కట్టించి మెకానిక్ వద్దకు చేర్పుడు.