స్టాప్‌వాచ్ నమ్మేది, ఫోను చూసేది

డిగ్రీ ఫిజిక్స్ ల్యాబులో గోడకు బిగించిన ఫ్లైవీల్‌ది పాత పద్ధతి. ఇరుసుకు దారం చుట్టి, బరువు తగిలించి వదులుతాం. దారం ఊడగానే స్టాప్‌వాచ్ నొక్కి, అంచున పెట్టిన సుద్ద గుర్తు ఎన్నిసార్లు తిరిగొచ్చిందో లెక్కపెడతాం. చివరి చుట్టు దగ్గరే చిక్కంతా. చక్రం పాకుతూ పాకుతూ ఆగుతుంది, ఒక్కోసారి కాస్త వెనక్కి కూడా ఊగుతుంది. ఆగింది ఎప్పుడో ఇద్దరు విద్యార్థులు ఒక్కమాట చెప్పరు. తర్వాత సగటు కోణీయ వేగాన్ని రెట్టింపు చేసి, దారం ఊడినప్పటి వేగం అదేనని రాస్తాం. ఘర్షణ మొదటి నుంచి చివరిదాకా మారకపోతేనే ఆ రెట్టింపు చెల్లుతుంది. మారలేదని చెప్పే ఆధారం స్టాప్‌వాచ్ దగ్గర లేదు.

ఫోనులోని గైరోస్కోపుకు ఆ నమ్మకంతో పనిలేదు. తిరిగే స్టూలు మీద ఫోనును టేపుతో అంటించి, జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం 2016లో విడుదల చేసిన ఉచిత యాప్ ఫైఫాక్స్ తెరిస్తే, కోణీయ వేగం క్షణక్షణం గ్రాఫుగా వస్తుంది. ఘర్షణ స్థిరమైతే గీత తిన్నగా దిగుతుంది. గాలి నిరోధం కలిస్తే మొదట గబగబా పడి, పోనుపోను వాలు తగ్గుతుంది. ఇక్కడ ఫోనుదే పైచేయి.

అలాగని దాని మాటల్నీ గుడ్డిగా నమ్మలేం. అదే యాప్‌లో అభికేంద్ర త్వరణాన్ని కోణీయ వేగ వర్గానికి ఎదురుగా గీసి చూపే ప్రయోగం ఉంది. ఆ గీత వాలే వ్యాసార్థం. ఇరుసు నుంచి ఫోను నడిమధ్యకు స్కేలుతో కొలిస్తే 10 సెంటీమీటర్లు, వాలు చూస్తే 12 అనుకుందాం. విద్యార్థి దాన్ని దోషం కింద రాసేస్తాడు. నిజానికి యాక్సెలరోమీటర్ చిప్పు ఫోను మధ్యలోనే ఉండాలని లేదు. గైరోస్కోపు ఎక్కడున్నా ఒకే అంకె చెబుతుంది, యాక్సెలరోమీటర్ మాత్రం తానున్న చోటును బట్టి చెబుతుంది. సెకనుకు 10 రేడియన్ల వేగంలో ఆ 2 సెంటీమీటర్లకే త్వరణం 10 నుంచి 12కు పెరుగుతుంది. తప్పనుకున్న ఆ తేడాతోనే చిప్పు ఎంత దూరంలో ఉందో పట్టుకోవచ్చు. యాప్ గీత గీసిపెడుతుందే గానీ ఆ ప్రశ్న అడగదు.

ఎంత వేగంగా తిరుగుతోందో ఫోనుకు తెలుసు, తిప్పడం ఎంత కష్టమో తెలియదు. జడత్వ భ్రామకం కావాలంటే మళ్లీ దారమూ, బరువూ తగిలించాల్సిందే. అందుకే నేను ఫ్లైవీల్‌ను తీసేయమనను. రికార్డులో దాని లెక్క పక్కన స్టూలు గ్రాఫు కూడా అంటించమంటాను. రెట్టింపు ఎందుకు చేశావని వైవాలో అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఆ గీత వంగి ఉంటే మార్కులెలా వేస్తారన్నది ఎగ్జామినరు చూసుకోవాలి.