సెట్టు పూర్తయింది, మరి చదవడం?

ఇండియా వెళ్ళొచ్చినప్పుడల్లా మన పిల్లల అరల్లో ఛోటా భీమ్ కామిక్సు పెరుగుతుంటాయి. 2008లో పోగో ఛానెల్లో మొదలైన ఈ కార్టూన్ హైదరాబాదులో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థది. కామిక్సూ ఆ సంస్థే వేసింది. మనవాళ్ళ పని అని మురిసిపోతాం, సెట్టు పూర్తిచేస్తాం. కానీ లడ్డు తినడం, బలం రావడం, దుష్టుణ్ణి చితకబాదడం! తెర మీద పాటా పరుగూ ఆ పునరుక్తిని కప్పేస్తాయి, కాగితం కప్పలేదు.

2018లో బ్రిస్బేన్‌లో పుట్టిన కార్టూన్ 'బ్లూయీ' చూడండి. దాని పుస్తకం 'ద బీచ్'లో అమ్మను వెతుక్కుంటూ ఇసుకలో ఒంటరిగా వెళ్ళే కుక్కపిల్ల బెరుకు ఉంది. అది ఏ పిల్లకైనా తెలిసిన బెరుకే. 2020లో ఆస్ట్రేలియా పుస్తక పరిశ్రమ అవార్డుల్లో ఆ ఏటి ఉత్తమ పుస్తకం అదే. ఎన్ని పోగయ్యాయని కాదు, ఏది మళ్ళీ చదవమంటున్నారో పిల్లల్ని అడుగుదాం.