వెల్డింగు హెల్మెట్: గుణదోషములు

తనంతట తాను నల్లబడు అద్దముగల వెల్డింగు హెల్మెట్ మెచ్చదగిన సాధనమే. ఆర్కు వెలిగిన వెంటనే, సెకండులో వేయవ వంతుకంటె తక్కువ కాలములో, అందలి ద్రవస్ఫటికములు వెలుగును అణచును. అతినీలలోహిత, పరారుణ కిరణములను వడగట్టు పొర, అద్దము నల్లబడకున్నను పనిచేయుచునే యుండును.

ఇక దోషములు. ఆర్కు ఉష్ణోగ్రత 6000 డిగ్రీల సెంటిగ్రేడును మించగలదు. దాని చేరువనుండు ఈ అద్దమునకు పలువురు తయారీదారులు విధించు హద్దు 55 డిగ్రీలే. కాలిన ఇనుముపై హెల్మెట్‌ను బోర్లించినచో ప్లాస్టిక్కు వంగి, అద్దము చుట్టును సందు ఏర్పడును. ఆ సందున దూరిన కిరణముల ఫలితము అప్పుడు తెలియదు. కొన్ని గంటల తరువాత కంటిలో ఇసుక పోసినట్లుండును.

అన్నిటికన్న పెద్ద లోటు వేరు. సాధారణ హెల్మెట్ పొగను ఆపలేదు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో వెల్డింగు పొగను క్యాన్సరు కారకముల మొదటి వర్గమున చేర్చినది. కన్నును కాచి ఊపిరితిత్తులను విడిచినది సగము రక్షణయే. గాలి ఆడు చోటు, పొగను లాగు గొట్టము, తగిన శ్వాసముసుగు కూడ కావలెను.

ఉపాధ్యాయులు ఆర్కు పాఠమును వెలుగుతో ముగింపక పొగను గూర్చియు చెప్పవలెను. రేపటి వెల్డరు ఆ తరగతిలోనే కూర్చుండి యుండవచ్చును.