తకధిమి తెలిసిన నోరు

ర్యాపర్ రాజకుమారీ, కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో తెలుగు ఇంట పుట్టిన శ్వేతా యల్లాప్రగడ రావూ, నీ తొలి పూర్తి ఆల్బమ్ ‘ది బ్రిడ్జ్’కు మదనపల్లె నుంచి ఒక దండం. నీ పాస్‌పోర్టుతో నాకు పనిలేదు తల్లీ. పనంతా నీ నోటితోనే.

తకధిమి తెలిసిన నోరది. కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చిన కాళ్లు నీవి. కానీ జతి ముందు కాలికి రాదు, నాలుకకు వస్తుంది. గురువు తాళాలు తట్టి చెబితే పిల్ల నోటితో అప్పజెప్పాలి. పళ్లకు తగిలే ‘త’, గొంతులోంచి తన్నుకొచ్చే ‘క’, పెదవులు మూసి విడిచే ‘మి’. మూడైతే తిస్రం, నాలుగైతే చతురశ్రం, అయిదైతే ఖండం. ఊపిరి ఎక్కడ దాచుకోవాలో తెలియని పిల్ల ముక్తాయింపు దాకా రానే రాదు. హిప్‌హాప్ బీటూ నాలుగు లెక్కల నడకే. ఆ నాలుగులో మాటల్ని మూడేసి మూడేసిగా కూరి, తప్పించుకున్నట్టే తప్పించుకుని, సమానికి వచ్చి పడటమే ర్యాపర్ గొప్ప. నువ్వు ఇంగ్లీషులో పరుగెత్తుతూ పరుగెత్తుతూ ఉన్నట్టుండి జతిలోకి దిగినప్పుడు అతుకు కనబడదు. రెండూ ఒకే చెట్టు కాయలు మరి!

ఎంత ఆలస్యంగా వచ్చావమ్మా! 2013లో ఇగ్గీ అజేలియా పాటకు చెయ్యి వేశావు. 2014లో ఫాల్ అవుట్ బాయ్ ‘సెంచరీస్’ లోకమంతా మోగితే రాసినవాళ్ల వరసలో నీ పేరుంది, ఎవరు చదివారు? 2016లో ‘ది కమ్ అప్’, 2019లో ‘బ్లడ్‌లైన్’ అని చిన్న సంపుటాలు రెండు. మధ్యలో ముంబై ర్యాపర్ డివైన్‌తో ‘సిటీ స్లమ్స్’. ఊరందరి పెళ్లికీ పాడి, నీ ఇంటి పాట 2023కి గానీ ఎత్తుకోలేదు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1973 ఆగస్టున డీజే కూల్ హెర్క్ పార్టీతో పుట్టిందనుకునే హిప్‌హాప్‌కు అది యాభై నిండిన ఏడు.

మెత్తని పాటలూ ఉన్నాయి ‘ది బ్రిడ్జ్’లో. నన్నడిగితే నువ్వు నడుం మీద చెయ్యేసి నిలదీసే పాటలే నాకు ఎక్కువ ఇష్టం. అయినా బొట్టు పెట్టుకున్న గొంతు బేలగా పలకడానికీ ధైర్యం కావాలి, కాదనను.

మా పక్క ర్యాప్ పరాయి విద్య అనేవాళ్లున్నారు. వాళ్లను ఎండాకాలం పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో భారతం జరిగేటప్పుడు తీసుకుపోవాలి. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సుమాను ఎక్కుతాడు. చివరిరోజు మట్టితో చేసిన దుర్యోధనుడు నేలమీద ఇంత పొడుగున పడి ఉంటాడు, భీముడు తొడ పగలగొడతాడు. హరిదాసు వచనంలో మొదలెట్టి, తాళం అందగానే మాటకు వేగం తగిలించి, మృదంగాన్ని వెంట పరుగెత్తించి, చప్పున ఆగి జనాన్ని ఒక చూపు చూస్తాడు. చప్పట్లు అక్కడే! బ్రాంక్స్‌లో మైకు పట్టినవాడికీ ఆ చూపు తెలుసు.

ఇంక మా ఊరంటావా, 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ ఇక్కడి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో కూర్చుని ‘జనగణమన’ను ఇంగ్లీషు చేశాడు. ఐర్లండ్ ఆడపడుచు మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసింది. బెంగాలీ పాటకు ఐర్లండ్ చెయ్యి సాయం పట్టిన ఊళ్లో, కాలిఫోర్నియా తెలుగుపిల్ల ర్యాప్ చేస్తే వింతపడేదేముంది? దక్షిణాన కుప్పంలో అయితే తెలుగులో ఎత్తుకున్న బేరం తమిళంలో నడిచి కన్నడంలో కుదురుతుంది. భాషలు మార్చినందుకు నిన్ను అక్కడెవరూ సంజాయిషీ అడగరు.

అందుకని ఒక మనవి. ఈసారి ఇండియా వచ్చినప్పుడు ముంబై, హైదరాబాద్‌తో ఆగిపోకు. బెంగళూరులో దిగితే మేము దగ్గరే. భారతం మిట్ట మీద, హరికథకూ నాటకానికీ నడుమ సాయంత్రం ఖాళీగానే ఉంటుంది. మృదంగం మావాళ్లు తెస్తారు, నువ్వు నోరు తెచ్చుకో చాలు.