ఘంటసాల పాటల సంకలనం: శ్రవణం, సందర్భం

ఘంటసాల ఆర్ద్రగీతాల సంకలనాలు పాటను చిత్రకథ నుంచి వేరుచేసి వినిపిస్తాయి. 1964లో వచ్చిన ‘మూగమనసులు’లో గోపి పడవవాడు, రాధ జమీందారు కూతురు. ఆత్రేయ రచనలోని సంయమనానికి ఆ వర్గభేదమే మూలం. సంకలనంలో ఆ అంతరం వినిపించదు. గొంతులోని ఆర్ద్రతే మిగులుతుంది. అదే ఏటి ‘డాక్టర్ చక్రవర్తి’కి శ్రీశ్రీ రాసిన పాట పక్కన చేరితే, ఇద్దరు కవుల భిన్నమైన ఆర్తి ఒకే గాయకుని ఆర్తిగా కలిసిపోతుంది. అయితే ఈ నష్టమే పాటకు దీర్ఘాయువునిచ్చింది: సినిమా చూడని శ్రోత సైతం తన బాధను అందులో నింపుకోగలుగుతున్నాడు. కనుక సినీగీత విమర్శ సాహిత్యంతోపాటు శ్రవణ సందర్భాన్నీ పరిశీలించాలి. లేకుంటే గోపి మౌనానికి కారణమైన సామాజిక దూరం వట్టి మాధుర్యంగా మిగిలిపోతుంది.