ఆలకించు విద్య

ఆళ్లగడ్డ శిల్పులు రాతిపై ఉలి పెట్టుటకు ముందు దానిని సుత్తితో తట్టి చూతురు. గంటవలె ఖంగుమనునది పుంశిల యనియు, కంచుతాళమువలె సన్నగా పలుకునది స్త్రీశిల యనియు, నాదమే లేనిది నపుంసకశిల యనియు శిల్పశాస్త్రములు చెప్పుచున్నవి. లోపల నెఱ్ఱె గల రాయి పైకెంత నున్నగా కనబడినను ఆ దెబ్బకు తన గుట్టు దాచుకొనజాలదు. అట్లు పుట్టిన విగ్రహములను వరిగడ్డిలో పొదిగి నంద్యాలకు మోసికొనిపోవు పికప్ బండ్లను గూర్చియు ఇట్టి వినికిడి విద్య యొకటి గలదు. దానికి శాస్త్రగ్రంథము లేదు. జాతీయ రహదారి ప్రక్కనున్న రేకుల షెడ్లలో, పానాలు కడుగుటతో చదువు మొదలుపెట్టిన కుఱ్ఱవాండ్రు మేస్త్రీల యొద్ద ఏండ్ల తరబడి నేర్చుకొనుచున్న విద్య యది.

ఈ రెండూళ్ల నడుమ దూరము సుమారు 40 కిలోమీటర్లు. ఒక వేసవిలో నేనా దారిని ఎక్కి వచ్చిన పాత డీజిలు పికప్, ఖాళీగా నిలిచియున్నంతసేపు సాధువువలె ఉండి, విగ్రహపు బరువుతో వంతెన ఎక్కుటకై డ్రైవరు యాక్సిలరేటరు నదిమినంతనే, బానెట్టు క్రింద నెవరో ఇనుపరేకును సుత్తితో బాదుచున్నట్లు టకటకమని మొఱపెట్టెను. కాలు తీసినచో నూరకుండెను. నంద్యాల చేరి మేస్త్రీ ముందు బండి నిలిపితిమి. ఆయన బానెట్టు జోలికే పోలేదు. బీడీ ఆర్పి, వరుసగా ప్రశ్నలు మొదలుపెట్టెను.

“పొద్దున స్టార్ట్ చేస్తానే కొడతాందా, వేడెక్కినాక కొడతాందా? లోడు లేకుంటే వస్తాందా? ఆయిల్ ఎప్పుడు మార్పిచ్చినావు? డీజిల్ యాడ కొట్టిచ్చినావు?”

“లోడు మీద ఎక్కేటప్పుడే మేస్త్రీ, ఊరికే నిలబడితే ఏం లేదు.”

ఈ నాలుగు ప్రశ్నలలోనే సగము నిదానము ముగిసినదని నాకు పిమ్మట తెలిసినది. చల్లని ఇంజనులో వినబడి వేడెక్కినకొలది తగ్గిపోవు చప్పుడు, బోరులో వదులైన పిస్టను గోడకు తగులుటవలన పుట్టునది. టాపెట్టు చప్పుడు పలుచన, క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగినప్పుడు ఒక్కమాఱు మాత్రమే పలుకును. బేరింగు అరిగినచో ధ్వని లోతుగా, గుండెలో గుద్దినట్లు వచ్చును. దానితో ఆయిలు ఒత్తిడియు పడిపోయినచో బండి నొక్క అడుగు కూడ నడుపరాదు, నడిపినచో షాఫ్టే పాడగును. ఇవి కాక, ఇంజను మౌంటింగు బోల్టు వదులై చేయు మోసమొకటి గలదు. వెనుకటికి వేఱొక ఊరిలో ఒకరు దానినే బేరింగు దోషమని నిర్ణయించి హెడ్డు దించి నాచేత డబ్బు కట్టించిరి. ఆనాటినుండి చెవి యొగ్గని మెకానిక్కును నేను నమ్ముట మానితిని.

బరువు మీద, త్వరణములో మాత్రమే తీక్ష్ణముగా వచ్చు చప్పుడునకు మూలమును తఱచుగా మంటలోనే వెదకవలెను. ఇచ్చట ఒక విచిత్రము. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు వెలిగించిన జ్వాల క్రమముగా వ్యాపించుచుండగా, అది చేరకమునుపే మూలనున్న మిశ్రమము వేడికిని ఒత్తిడికిని తాళలేక తనంత తాను భగ్గుమనుటయే నాకింగు. డీజిలు ఇంజనులో వెలిగించుటకు ప్లగ్గే లేదు. చిమ్మిన ఇంధనము సిలిండరులోని వేడిగాలికి తానై అంటుకొనవలెను. ఆ యంటుకొనుటలో జాగైనకొలది ఇంధనము పోగుపడి, ఒక్కుమ్మడిగా మండి దెబ్బ కొట్టును. ఒకదానికి తొందర రోగము, వేఱొకదానికి ఆలస్యము రోగము. కావుననే అంటుకొనక నిలువగల శక్తిని కొలుచు ఆక్టేను సంఖ్య పెట్రోలునకును, త్వరగా అంటుకొను గుణమును కొలుచు సీటేను సంఖ్య డీజిలునకును ఏర్పడినవి. మన దేశపు ప్రమాణములలో డీజిలునకు సీటేను 51 కనీసముగా నుండవలెను. పెట్రోలులో కిరోసిను కలిపినచో ఆక్టేను దిగజాఱి నాకింగు పుట్టును. మేస్త్రీ నాలుగవ ప్రశ్న వెనుక డీజిలులోను ఇట్టి కల్తీ జరిగెనా యను అనుమానమే యున్నది. పెట్రోలు నాకింగునకు అమెరికాలో థామస్ మిడ్జిలీ 1921లో సీసపు సమ్మేళనమును మందుగా కనుగొనెను. ఆ మందు రోగముకంటె ఘోరమై ప్రజల రక్తమున సీసము చేర్చినందున మన దేశము 2000లో దానిని విడిచినది. నేటి పెట్రోలు బండ్లలో సెన్సారు ఆ చప్పుడును కనిపెట్టి స్పార్కును తానే కొంత వెనుకకు జరుపును. పాతవాటిలో టైమింగు సరిచేయుట, బొగ్గు గీకుట, రేడియేటరు చూచుట మేస్త్రీ పనియే.

మా బండి విషయమునకు వత్తును. ఇంజనును కొంత వేగముగా నడుపుచు, మేస్త్రీ పొడవాటి స్క్రూడ్రైవరు మొనను సిలిండరు ప్రక్క నానించి, పిడిని చెవికి చేర్చి, కన్నులు మూసికొనెను. తరువాత నాజిళ్లకు పోవు పైపు నట్లను ఒక్కొక్కటిగా వదులు చేసెను. మూడవదానిని వదులు చేసినప్పుడు చప్పుడాగెను. రోగము మూడవ సిలిండరులో నున్నదని తేలినది కాని, బేరింగైనను ఇట్లే ఆగును గదా! ఆయన మూడవ నాజిలును మొదటిదాని స్థానమున, మొదటిదానిని మూడవదాని స్థానమున బిగించి మరల విన్నాడు. చప్పుడు నాజిలుతోకూడ మొదటి సిలిండరునకు తరలిపోయినది. ఇంతకంటె తేటైన సాక్ష్య మేమి కావలెను? పంపు దుకాణములో పరీక్షాయంత్రమునకు తగిలించినప్పుడు ఆ నాజిలు పొగమంచువలె చిమ్ముటకు మాఱుగా చుక్కలు చుక్కలుగా కారుచుండెను. పికప్ పెరుగునను ఆశతో ఇదివఱ కెవరో పంపు టైమింగును కూడ ముందుకు జరిపియుండిరి. ఆయన దానిని గుర్తుకు సరిగా త్రిప్పెను.

నట్లు వదులు చేయు ఈ పరీక్ష పాత పంపు బండ్లకే. కామన్ రైల్ ఇంజనులో గొట్టములలో డీజిలు వేయి బార్లు మించగల ఒత్తిడితో నుండును. నట్టు విప్పినచో ఆ ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. అట్టి బండ్లకు మేస్త్రీలు ఇంజెక్టర్లనుండి వెనుకకు వచ్చు డీజిలును సీసాలలో పట్టి, ఏది ఎక్కువ నిండినదో చూతురు, స్కానరును తగిలింతురు. స్కానరు చెప్పు కోడు విలువైనదే. కాని వదులైన మౌంటింగు బోల్టునకు కోడు లేదు.

క్రొత్త నాజిలు బిగించినపిమ్మట మేస్త్రీ విగ్రహమును దింపనీయలేదు. ఆ బరువుతోనే బండిని వంతెనమీదికి ఎక్కింపజేసి, డ్రైవరు ప్రక్కన కూర్చుండి, పాట పెట్టబోయిన వాని చేతిని పట్టుకొని, “ఆపు అబ్బీ, బండిని పలకనీ” అనెను.